వన్ ఆఫ్ ఎ కైండ్: ఎప్పుడు అనాలి, ఎలా రాయాలి, తెలుగులో ఏమనాలి

అనువాదాలు మొదలుపెట్టిన రెండో ఏట నాకొక పని వచ్చింది. పదవీ విరమణ చేస్తున్న ఒక పెద్దాయన మీద ఆఫీసులో తోటివాళ్లు ఇంగ్లీషులో రాసిన జ్ఞాపకాలను తెలుగులోకి మార్చాలి. ముప్ఫైకి పైగా చిన్న చిన్న వ్యాసాలు. వాటిలో ఒకావిడ రాసిన వ్యాసం చివరి వాక్యం ‘హీ ఈజ్ వన్ ఆఫ్ ఎ కైండ్’. రాత్రి బాగా పొద్దుపోయింది, తెల్లారేసరికి ప్రెస్సుకు పంపాలి. ‘ఆయన అదో రకం మనిషి’ అని రాసి పంపేశాను.

సంచిక అచ్చయ్యాక ఆయన కూతురు ఫోన్ చేసింది. కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగింది. “ఆవిడ మా నాన్నగారి గురించి ఎందుకండీ అలా రాశారు? ఇరవయ్యేళ్లు పక్క సీట్లో పనిచేశారు కదా.” మూలం తీసి చూశాను. వన్ అంటే ఒకటి, కైండ్ అంటే రకం. ఏ మాటకు ఆ మాట సరిపోయింది, అర్థం మాత్రం తలకిందులైంది. ‘ఆయనలాంటి మనిషి మరొకరు లేరు’ అని ఆవిడ మనసారా రాసిన మాటను నేను ఎత్తిపొడుపుగా మార్చేశాను.

అప్పటినుంచి ఈ మాట ఎక్కడ కనిపించినా ఆగి చూస్తాను. ఉత్తరాల్లో, ప్రకటనల్లో, మ్యూజియంలో వస్తువుల పక్కన పెట్టే చీటీల మీద, సంతాప సందేశాల్లో కనిపించిన ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు పెద్దవాళ్లకు ఇంగ్లీషులో ఉత్తరాలు, మెయిళ్లు రాయడం నేర్పుతున్నాను. తెలుగు మాట్లాడేవాళ్లు దీని దగ్గర ఎక్కడెక్కడ తడబడతారో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మధ్యలో ఉన్న ఆ ‘ఎ’

ముందు అర్థం. ఒక వస్తువు గానీ మనిషి గానీ వన్ ఆఫ్ ఎ కైండ్ అంటే, అలాంటిది ఇంకొకటి లేదని. ‘చాలా మంచిది’ అని కాదు. ‘అరుదైనది’ అని కూడా కాదు. ఉన్నది ఒక్కటే అని. మెచ్చుకోలు ఆ వెనకాల వస్తుంది, ముందు చెప్పేది లెక్క.

మరి మాటకు మాట పెట్టి చూస్తే ‘ఒక రకంలో ఒకటి’ అని కదా రావాలి? అంటే ఆ రకంలో ఇంకా చాలా ఉన్నాయన్నట్టే కదా? నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఈ సందేహం అడగనివాళ్లు తక్కువ. సరైన సందేహమే. జవాబు మధ్యలో ఉన్న ‘ఎ’లో దొరుకుతుంది.

ఎ, యాన్ రెండూ పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాట నుంచే వచ్చాయి. మనకు ఇప్పుడు ‘ఏదో ఒక’ అనే అర్థమే అలవాటు. కానీ కొన్ని పలుకుబళ్లలో ‘ఒకే’ అనే అర్థం అలాగే నిలిచిపోయింది. బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్ అంటే ఏదో ఒక ఈక ఉన్న పక్షులు కాదు, ఒకే తీరు ఈకలున్న పక్షులు. తెలుగులోనూ ఇది ఉంది. ‘ఒక గూటి పక్షులు’ అంటాం, ‘ఒక తల్లి బిడ్డలు’ అంటాం, ‘ఒక తాను ముక్కలు’ అంటాం. అక్కడ ‘ఒక’ అంటే ‘ఒకే’ అని ఎవరూ చెప్పక్కర్లేకుండానే మనకు తెలుసు. ఈ ‘ఎ’ని ఆ ‘ఒక’లాగా వినండి చాలు.

ఇప్పుడు పేకముక్కల దగ్గరికి రండి. ఒక కట్టలో 52 ముక్కలు, నాలుగు రంగులు. రాజులు నలుగురు, రాణులు నలుగురు, ప్రతి అంకెకూ నాలుగేసి ముక్కలు. పోకర్ ఆటలో నాలుగూ ఒకే విలువ ఉన్నవి చేతికొస్తే దాన్ని ఫోర్ ఆఫ్ ఎ కైండ్ అంటారు. మూడు వస్తే త్రీ ఆఫ్ ఎ కైండ్. అక్కడ ‘ఎ కైండ్’ అంటే ‘ఒకే రకం’ అని ఎవరికైనా చప్పున తెలుస్తుంది. అలా కిందికి దిగుతూ రండి. ఒకే రకానివి నాలుగు, ఒకే రకానివి మూడు, ఒకే రకానివి రెండు. ఆఖరి మెట్టు, ఆ రకానిది ఒకటి. దానికి జత లేదు. అదే వన్ ఆఫ్ ఎ కైండ్. నేను తరగతిలో ఇలా నాలుగు నుంచి ఒకటి దాకా వేళ్లు ముడుస్తూ చెబుతాను. చివరి వేలు దగ్గరికి వచ్చేసరికి అందరికీ అర్థమైపోతుంది.

కైండ్ అనే మాటకూ ఒక కథ ఉంది. కిన్ అంటే చుట్టాలు, రక్తసంబంధం. కైండ్ ఆ కుటుంబానికి చెందిన మాటే. పుట్టుక, జాతి, స్వభావం అనేవి దాని పాత అర్థాలు. మాన్‌కైండ్ అంటే మనుషుల జాతి. దయగల అనే అర్థమున్న కైండ్ కూడా ఆ వేరు నుంచే వచ్చింది. రెండింటికీ స్పెల్లింగు ఒకటే కాబట్టి ఒక్కోసారి తికమక పడతాం. ‘షీ ఈజ్ వన్ ఆఫ్ ద కైండెస్ట్ పీపుల్ ఐ నో’ అంటే ‘నాకు తెలిసిన చాలా దయగల మనుషుల్లో ఆవిడ ఒకరు’ అని. ‘షీ ఈజ్ వన్ ఆఫ్ ఎ కైండ్’లో దయ ప్రసక్తే లేదు. ఆవిడ మహా కోపిష్టి అయినా ఆ మాట అనొచ్చు.

ఒకటే ఉన్నది, అరుదుగా ఉన్నది, మొదటిది, చివరిది

ఈ మాటను సరైన చోట వాడడానికి నేను స్టాంపుల సాయం తీసుకుంటాను. 1856లో దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో, ఇంగ్లండ్ నుంచి రావలసిన స్టాంపులు సరిపడా రాక, అక్కడే తాత్కాలికంగా కొన్ని ముద్రించారు. వాటిలో ముదురు గులాబీ కాగితం మీద అచ్చువేసిన ఒక సెంటు స్టాంపు ఇప్పుడు ప్రపంచంలో తెలిసినంతలో ఒకే ఒక్కటి ఉంది. మూలలు కత్తిరించి ఉంటుంది, చూడడానికి ఏమంత అందంగానూ ఉండదు. అయినా దాన్ని వన్ ఆఫ్ ఎ కైండ్ అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండోది 1918 నాటి అమెరికా విమాన టపా స్టాంపు, విలువ 24 సెంట్లు. ముద్రణలో పొరపాటు జరిగి విమానం బొమ్మ తలకిందులుగా పడింది. అలాంటివి ఒక పూర్తి షీటు, అంటే వంద స్టాంపులు బయటికొచ్చాయి. ఎంతో పేరున్నవి, సేకరించేవాళ్లు ప్రాణం పెట్టేవి. కానీ అవి వంద. కాబట్టి అరుదైనవే, రేర్ అనాలి. వన్ ఆఫ్ ఎ కైండ్ అనకూడదు. నేనే రాస్తుంటే ఈ రెండు స్టాంపులూ కళ్ల ముందు పెట్టుకుని అడుగుతాను: నేను చెబుతున్నది మొదటి స్టాంపులాంటిదా, రెండో స్టాంపులాంటిదా? సగం సార్లు రెండోదే అవుతుంది. అప్పుడు రేర్ అని రాసి ఊరుకుంటాను.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పంపింది. భూమి చుట్టూ తిరిగిన మొదటి కృత్రిమ ఉపగ్రహం అదే. దాన్ని ఫస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్ అంటారు. ఆ రకంలో అది మొదటిది, తర్వాత ఎన్నో వచ్చాయి. కొత్తగా ఏదైనా మొదలుపెట్టినప్పుడు మనకు కావలసిన మాట చాలాసార్లు ఇదే. ‘మా విభాగంలో ఇలాంటి శిక్షణ ఇదే మొదటిసారి’ అని చెప్పాలనుకుని వన్ ఆఫ్ ఎ కైండ్ అని రాస్తే, ఇంకెక్కడా ఎవరూ చేయలేదని, చేయలేరని చెప్పినట్టవుతుంది. అంత బరువు దానిమీద ఎందుకు?

ఇక చివరిది. గాలాపగస్ దీవుల్లో పింటా అనే దీవికి చెందిన రాక్షసి తాబేళ్లలో మిగిలిన ఆఖరి తాబేలును లోన్సమ్ జార్జ్ అని పిలిచేవారు. 2012 జూన్ 24న అది చనిపోయింది. బతికినంత కాలం దాని గురించి లాస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్ అని రాసేవారు. దాన్ని వన్ ఆఫ్ ఎ కైండ్ అన్నా లెక్క తప్పు కాదు, కానీ బాధ పోతుంది. లాస్ట్ అన్నప్పుడు, ఒకప్పుడు దానికి తోడు ఉండేవని, ఇప్పుడు లేవని వినిపిస్తుంది. నాకు ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు కొంచెం తగ్గుతుంది.

ఆస్ట్రేలియాలో ఉండే ప్లాటిపస్ అనే జంతువు సంగతి కాస్త వేరు. ప్లాటిపస్‌లు చాలానే ఉన్నాయి. కానీ జంతుశాస్త్రం ప్రకారం దాని కుటుంబంలో ఇప్పుడు బతికున్న జాతి అదొక్కటే. మీ పెరట్లోకి ఒక ప్లాటిపస్ వచ్చిందనుకుంటే ఆ ఒక్క జంతువు వన్ ఆఫ్ ఎ కైండ్ కాదు, ఆ జాతి మాత్రం అవుతుంది. ‘కైండ్’ అన్నప్పుడు ఏ రకం గురించి మాట్లాడుతున్నామో ముందే తేల్చుకోవాలని దీనివల్ల నాకు బోధపడింది.

చేత్తో చేసిన వస్తువుల విషయంలో ఈ మాట నిజాయతీగా నిలబడుతుంది. ఒకే కుమ్మరి, ఒకే మట్టితో, ఒకే పూట చేసిన రెండు కుండలు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. బట్టీలో మంట తగిలిన తీరును బట్టి పైపూత రంగు మారుతుంది. ప్రతిదీ వన్ ఆఫ్ ఎ కైండే. లిమిటెడ్ ఎడిషన్ అని 500 ప్రతులు అచ్చువేసి ఒక్కోదాని మీద నంబరు వేసినవి అలా కావు. నంబర్లు వేరు, బొమ్మ ఒకటే. యంత్రం మీద వేలల్లో తయారైన వస్తువుకు ప్రకటనలో ఈ మాట తగిలించినప్పుడు నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. అలా వాడుతూ పోతే, కుండ చేసినవాడికి చెప్పుకోవడానికి మాట మిగలదు.

వాక్యంలో ఎక్కడ, ఎలా

ఇక్కడ రెండే స్థానాలు, కానీ తప్పులన్నీ ఇక్కడే.

వాక్యం చివర, క్రియ తర్వాత వస్తే దాని ముందు ఇంకో ‘ఎ’ పెట్టకూడదు. ‘దిస్ క్లాక్ ఈజ్ వన్ ఆఫ్ ఎ కైండ్’ సరైనది. ‘దిస్ క్లాక్ ఈజ్ ఎ వన్ ఆఫ్ ఎ కైండ్’ తప్పు. మాటల మధ్య అడ్డగీతలు కూడా అక్కర్లేదు.

నామవాచకం ముందు వస్తే నాలుగు మాటలూ కలిసి ఒకే విశేషణం అయిపోతాయి. అప్పుడు వాటి మధ్య మూడు అడ్డగీతలు పెట్టాలి, ముందు ‘ఎ’ కూడా రావాలి: ‘ఎ వన్-ఆఫ్-ఎ-కైండ్ క్లాక్’. చాలామంది ఇక్కడ ‘యాన్’ రాస్తారు, ఎందుకంటే వన్ అనే మాట రాతలో ‘ఓ’ అక్షరంతో మొదలవుతుంది. కానీ పలికేటప్పుడు వినిపించేది ‘వ’. ఎ, యాన్ ఎంపిక రాతను బట్టి కాదు, చెవిని బట్టి. కాబట్టి ‘ఎ’ మాత్రమే.

నా దగ్గరికి వచ్చే మెయిళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ‘వన్ కైండ్ ఆఫ్’. ‘ఇట్ ఈజ్ వన్ కైండ్ ఆఫ్ పెయింటింగ్’ అని రాసి, ఎంతో గొప్ప చిత్రం అని చెప్పామనుకుంటారు. చదివేవాళ్లకు ‘అది ఒక రకం చిత్రం’ అని మాత్రమే అందుతుంది. మాటలు అవే, వరస మారింది, పొగడ్త ఎగిరిపోయింది. ఇంకా చిన్నగా ‘కైండ్ ఆఫ్’ అంటే ‘కొంచెం, అదోలా’ అని అర్థం. ‘ఇట్ ఈజ్ కైండ్ ఆఫ్ నైస్’ అంటే ‘పర్వాలేదు, బాగానే ఉంది’. ఆ మాట మీ పై అధికారి చేసిన పని గురించి రాయకండి.

బహువచనం వచ్చినప్పుడు ‘వన్స్ ఆఫ్ ఎ కైండ్’ అని ఉండదు. ‘ఈచ్ ఆఫ్ దెమ్ ఈజ్ వన్ ఆఫ్ ఎ కైండ్’ అని ఒక్కోదాని గురించి చెబితే సాఫీగా ఉంటుంది. లేదా ‘వన్-ఆఫ్-ఎ-కైండ్ క్లాక్స్’ అని వెనక నామవాచకానికి బహువచనం పెట్టండి.

ముందు వెరీ పెట్టకండి. ఒకటి అనే లెక్కకు ‘చాలా ఒకటి’ అని ఉండదు కదా. మోర్, మోస్ట్ కూడా కుదరవు. బలం కావాలంటే ట్రూలీ పెట్టొచ్చు, రియల్లీ పెట్టొచ్చు. ‘ట్రూలీ వన్ ఆఫ్ ఎ కైండ్’ అంటే ‘మాటవరసకు అనడం లేదు, నిజంగానే’ అని.

పలకడం గురించి ఒక మాట. నాలుగు మాటలూ విడివిడిగా, ఒకే బరువుతో పలికితే కృతకంగా ఉంటుంది. వన్, కైండ్ ఈ రెండింటినే నొక్కాలి. మధ్యలో ఆఫ్, ఎ రెండూ కలిసి ‘అవ’ అన్నంత పలచగా జారిపోవాలి. ‘వనవకైండ్’ అని ఒక్క ఊపిరిలో అనండి. ఇంకోటి, మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన నాలుక ‘కైండు’ అంటుంది. ఆ చివరి ‘ఉ’ను వదిలేయాలి. డకారం దగ్గర నాలుక ఆగిపోవాలి. అద్దం ముందు పదిసార్లు అంటే వచ్చేస్తుంది.

దీని చుట్టుపక్కల మాటలు

‘వన్ ఆఫ్ ఇట్స్ కైండ్’ అని మనవాళ్లు చాలామంది రాస్తారు. చదువుకున్నవాళ్లు, పత్రికలవాళ్లు కూడా రాస్తారు. అలవాటు ఉన్నవాళ్లకు అర్థమవుతుంది. కానీ వేరే చోటి పాఠకుడికి అది ‘ఆ రకంవాటిలో ఒకటి’ అని వినిపించే ప్రమాదం ఉంది, అంటే మామూలుదే అని. దాని ముందు ‘ది ఓన్లీ’ చేరిస్తే ఇబ్బంది ఉండదు: ‘ది ఓన్లీ వన్ ఆఫ్ ఇట్స్ కైండ్’. నేను ఎప్పుడూ ఇలాగే దిద్దుతాను. ఒక్క మాట ఖర్చు, సందేహం పోతుంది.

‘టూ ఆఫ్ ఎ కైండ్’ అంటే ఇద్దరూ ఒక్కటే తీరు, ఒక తాను ముక్కలని. స్నేహితుల గురించి ముద్దుగానూ అనొచ్చు, ‘దొందూ దొందే’ అన్నట్టుగానూ అనొచ్చు. గొంతును బట్టి ఉంటుంది.

అంకె తీసేసి ఉత్తి ‘ఆఫ్ ఎ కైండ్’ అంటే మాత్రం జాగ్రత్త. ‘యాన్ ఎగ్రిమెంట్ ఆఫ్ ఎ కైండ్’ అంటే సాటిలేని ఒప్పందం కాదు. ఒప్పందం అని పేరుకు అనుకోవచ్చేమో గానీ పూర్తి ఒప్పందం కాదని. ‘యాన్ అపాలజీ ఆఫ్ ఎ కైండ్’ అంటే అదీ ఒక క్షమాపణే అనుకుంటే అనుకోవాలి. మనం ‘అయిందనిపించారు’ అంటామే, ఆ ధోరణి. నేను ఒకసారి ఇలాంటి వాక్యాన్ని ‘అపూర్వమైన ఒప్పందం’ అని అనువదించిన చిత్తుప్రతిని దిద్దాను. రాసినవారికి ఇంగ్లీషు బాగా వచ్చు, కానీ వన్ లేకపోవడం కంటికి ఆనలేదు.

‘వన్-ఆఫ్’ అనే ఇంకో మాట ఉంది. ఇందులో ఆఫ్‌కు ఎఫ్‌లు రెండు. పాత కర్మాగారాల్లో ఆర్డరు కాగితం మీద ఎన్ని తయారు చేయాలో రాసేటప్పుడు అంకె పక్కన ఈ ఆఫ్ వేసేవారు: పది కావాలంటే ‘టెన్ ఆఫ్’, ఒకటే చాలంటే ‘వన్ ఆఫ్’. అలా వచ్చింది. బ్రిటిష్ ఇంగ్లీషులో ఎక్కువ వింటాం. అర్థం ‘ఒక్కసారికి మాత్రమే’. వన్-ఆఫ్ పేమెంట్ అంటే ఒకేసారి ఇచ్చేది, నెలనెలా వచ్చేది కాదు. ఆ చోట వన్-ఆఫ్-ఎ-కైండ్ పేమెంట్ అని రాస్తే, ప్రపంచంలో ఎవరూ చూడని చెల్లింపు అని అర్థం వస్తుంది. చదివిన అకౌంట్స్ ఉద్యోగి ఏం చేయాలో తెలియక మళ్లీ మీకే మెయిల్ రాస్తారు.

యునీక్ అనేది దీనికి అన్నిటికంటే దగ్గరి మాట. లాటిన్‌లో ఒకటి అనే మాట నుంచి పుట్టి, ఫ్రెంచి మీదుగా పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. తేడా ఎక్కడంటే, యునీక్‌కు లెక్కల గదిలోనూ ఉద్యోగం ఉంది. ప్రతి ఖాతాకూ ఒక యునీక్ నంబరు ఉంటుంది, ప్రతి చోటా యునీక్ పాస్‌వర్డ్ పెట్టుకోమంటారు. అక్కడ మెచ్చుకోలు ఏమీ లేదు, వేరేదానితో కలవకూడదని మాత్రమే. వన్-ఆఫ్-ఎ-కైండ్ పాస్‌వర్డ్ అని ఎవరూ అనరు. ఈ మాటలో ఒక ఆప్యాయత ఉంది, అది అంకెలకు సరిపడదు. ‘వెరీ యునీక్’ అనడం గురించి వ్యాకరణం పట్టింపు ఉన్నవాళ్లు చాలాకాలంగా అభ్యంతరం చెబుతున్నారు. వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. రాతలో వాడకండి అనేదే నా సలహా.

న్యాయశాస్త్రంలో, తత్వశాస్త్రంలో సూయి జెనెరిస్ అనే లాటిన్ మాట కనిపిస్తుంది. ‘తన జాతికి తానే’ అని దాని అర్థం. దేనితోనూ జమకట్టలేని కేసును, హక్కును అలా అంటారు. పుట్టినరోజు శుభాకాంక్షల్లో రాయరు.

వన్ ఇన్ ఎ మిలియన్ అంటే పది లక్షల్లో ఒకరు, మన ‘కోటికొక్కరు’లాంటిది, లెక్క ప్రకారం ఇంకొందరు ఉండొచ్చు, కానీ ప్రేమగా అనేది. ది వన్ అండ్ ఓన్లీ వేదిక మీద ప్రసిద్ధుణ్ణి పిలిచేటప్పటి మాట, పేరు ముందు వస్తుంది. సెకండ్ టు నన్ అంటే నాణ్యతలో ఎవరికీ తీసిపోనిది. వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్ అవకాశాలకు, సంఘటనలకు మాత్రమే, మనుషులకు కాదు.

మనిషి గురించి అనేటప్పుడు

వస్తువు గురించి చెప్పేటప్పుడు లెక్క చూసుకుంటే సరిపోతుంది. మనిషి విషయంలో లెక్కకు అర్థం లేదు, ఎందుకంటే ప్రతి మనిషీ ఒక్కరే. అందుకే మనిషి గురించి అన్నప్పుడు ఇది పూర్తిగా మనసు మాట అవుతుంది. ‘మీలాంటివారు మళ్లీ దొరకరు’ అని.

వీడ్కోలు కార్డులో ‘యూ ఆర్ వన్ ఆఫ్ ఎ కైండ్’ అని ఒక్క వాక్యమే రాసి సంతకం పెడితే ఒంటరిగా ఉంటుంది. దాని పక్కన ఒక కారణం పెట్టండి. ‘అందరూ వెళ్లిపోయాక లైట్లు ఆర్పి వెళ్లేది మీరే’ అనో, ‘కొత్తగా వచ్చిన ప్రతివాళ్ల పేరూ మొదటి రోజే గుర్తుపెట్టుకునేవారు’ అనో. ఆ కారణం ఇంకెవరికీ సరిపోకూడదు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నేనిచ్చే అభ్యాసం ఇదే: ముందు కారణం రాయండి, తర్వాత ఈ మాట రాయండి. కారణం దొరకకపోతే ఈ మాట కూడా వద్దు, ‘థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్’ చాలు.

సంతాప సందేశంలో కాలం మార్చాలి: ‘హీ వాజ్ వన్ ఆఫ్ ఎ కైండ్’. అక్కడ ట్రూలీ కూడా వద్దంటాను. దుఃఖంలో ఉన్నవాళ్లకు చిన్న వాక్యమే చేరుతుంది.

ఉద్యోగానికి ఇచ్చే సిఫారసు ఉత్తరంలో ఇది పనికిరాదు. చదివేవాళ్లకు కావలసింది ఆ అభ్యర్థి ఏం చేశాడు, ఎంత బాగా చేశాడు అని. ‘వన్-ఆఫ్-ఎ-కైండ్ క్యాండిడేట్’ అంటే వాళ్లకు ఏమీ తెలియదు. మీ గురించి మీరు రాసుకునే రెజ్యూమేలో అయితే అసలు రాయకండి. ఇది ఎదుటివాళ్లు మన గురించి అనాల్సిన మాట.

గొంతు సంగతి కూడా చెప్పాలి. తల అడ్డంగా ఊపుతూ, నవ్వాపుకుంటూ ‘యూ ఆర్ వన్ ఆఫ్ ఎ కైండ్’ అంటే ‘నీతో వేగలేం’ అనే చనువు మాట. దగ్గరివాళ్ల మధ్య ఇబ్బంది లేదు. కానీ మెయిల్‌లో గొంతు వినపడదు. కొత్త పరిచయంలో, అందులోనూ ఏదో పొరపాటు జరిగిన రోజున ఈ మాట రాస్తే ఎత్తిపొడుపుగా తీసుకోవచ్చు. అనుమానం ఉంటే రాయకుండా ఫోన్‌లో చెప్పండి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

నేను పడిన గోతిలో మీరు పడకూడదు. తెలుగులో ‘అదో రకం’, ‘ఒక రకం మనిషి’, ‘అదో టైపు’ అన్నామంటే అది మెచ్చుకోలు కాదు. ‘అదోరకంగా చూశాడు’ అన్నా అంతే. రకం అనే మాట ఒంటరిగా మనిషి మీద పడితే తెలుగులో వంకరగానే పడుతుంది. కాబట్టి ఇంగ్లీషులో కైండ్ కనిపించగానే రకం అని కలం కదలకూడదు. ముందు ‘ఇలాంటిది ఇంకొకటి లేదు’ అని మనసులో అనుకుని, అక్కణ్ణుంచి మాట వెతకాలి.

వస్తువుకైతే ‘ఇలాంటిది ఇదొక్కటే’ అనే మామూలు మాట చాలా చోట్ల సరిపోతుంది. మ్యూజియం చీటీకి ‘ఏకైక ప్రతి’ అని రాస్తాను. అద్వితీయం అంటే రెండోది లేనిదని, అర్థం సరిగ్గా సరిపోతుంది. కానీ సభల్లో ప్రతి ఉపన్యాసాన్నీ అద్వితీయం అని అని అది కొంచెం అరిగిపోయింది. విలక్షణం అంటే వేరుగా ఉండేదని, ఒక్కటే ఉందని కాదు. అపురూపంలో అరుదు ఉంది, ముద్దు ఉంది, లెక్క లేదు. నభూతో నభవిష్యతి అనేది సంఘటనలకు బాగుంటుంది, గోడ గడియారానికి బాగుండదు.

మనిషికి నాకు దొరికిన మంచి మాట మన అలంకారశాస్త్రంలోనే ఉంది. బళ్లో ఉపమాలంకారం చదువుకున్నాం, ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చడం. పోల్చడానికి ఇంకొకటి దొరకనప్పుడు దాన్ని దానితోనే పోలిస్తే అనన్వయాలంకారం. ఆకాశం ఆకాశంలాగే ఉంది, సముద్రం సముద్రంలాగే ఉంది, రామరావణ యుద్ధం రామరావణ యుద్ధంలాగే ఉంది అనే శ్లోకాన్నే దీనికి ఉదాహరణగా చెబుతారు. ఇంగ్లీషు వాడు ‘ఆ రకానికి ఒక్కటే’ అని లెక్క పెట్టి చెప్పిన చోట, మనం పోలిక వెతికి, దొరకక, వెనక్కి వచ్చి దాన్నే చూపిస్తాం. ‘ఆవిడకు ఆవిడే సాటి.’ ‘తనకు తానే సాటి.’ ఇది అంత పాండిత్యం ఉన్న మాటలా వినిపించదు, ఇంట్లో అందరూ అనేదే. నాకు దీంట్లో బాగా నచ్చేది కూడా అదే.

ఆ పెద్దాయన సంచికలో ఇంకా పంచని ప్రతులు కొన్ని మిగిలాయి. చిన్న సవరణ చీటీలు అచ్చువేయించి, ఆ వ్యాసం ఉన్న పేజీలో నా చేత్తోనే ఒక్కొక్కటీ అతికించాను. ఒక ప్రతి ఆయన కూతురికి విడిగా పంపాను. చీటీ మీద ఇలా ఉంది: “ఈ వ్యాసం చివరి వాక్యాన్ని ‘ఆయనకు ఆయనే సాటి’ అని చదువుకోగలరు. తప్పు రచయిత్రిది కాదు, అనువాదంలో జరిగింది.”